కంప్యూటర్ తెర కొనబోతున్న మేనకోడలికి

తెనాలి,
ఆదివారం ఉదయం.

చి. బుజ్జమ్మకు మామయ్య ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. మీ అత్తయ్య మోకాళ్ళ నొప్పి ఎప్పటిలాగే ఉంది. నా నోరూ ఎప్పటిలాగే ఉంది.

మొన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. "సీరియల్ కూడా రాని టీవీకి ఎనభై వేలు పోస్తుందట అన్నయ్యా. నా మాట వినదు, నువ్వైనా కాస్త గడ్డి పెట్టు" అంది. నేను "ఏ రకం ప్యానెల్?" అని అడిగాను. అటునుంచి కాసేపు మాట లేదు. తర్వాత ఫోను పెట్టేసింది.

గడ్డి పెట్టడానికే కాగితం తీశాను. కానీ రాయబోతే నాకు గుర్తొచ్చింది వేరు. ఏడేళ్ళ పిల్లవు, వేసవి సెలవులకు వచ్చి నా దుకాణంలో స్టూలెక్కి కూర్చునేదానివి. నేను విప్పిన మరలన్నీ అయస్కాంతానికి అంటించి, పెద్దవీ చిన్నవీ వేరుచేసి పేర్చేదానివి. ఒకరోజు ఆ అయస్కాంతాన్నే తీసుకెళ్ళి, బాగుచేసి పెట్టిన ఓ కలర్ టీవీ తెరకు అంటించావు. వార్తలు చదివే ఆవిడ ముఖం సగం ఆకుపచ్చ, సగం ఊదా అయింది. నువ్వు భయపడి ఏడవాలి కదా! చప్పట్లు కొట్టావు. తెరకు పట్టిన అయస్కాంతాన్ని వదిలించే తీగచుట్ట, డీగాసింగ్ కాయిల్, తిప్పి తిప్పి ఆ రంగులు పోగొట్టేసరికి నా భుజం పడిపోయింది. ఆ పిల్ల ఇప్పుడు తన సంపాదనతో, ఏ తెర కావాలో పేరు పెట్టి మరీ కొనుక్కుంటోంది. నాకు సంతోషంగా ఉండదా? మీ అమ్మతో ఈ మాట అనలేదు. నువ్వూ అనకు.

ఇక విషయానికి వస్తాను. నువ్వు కొనబోయేది ఓఎల్‌ఈడీ మానిటర్. పగలు తొమ్మిది గంటలు దాని మీద కోడ్ రాస్తావు, రాత్రి రెండు గంటలు ఆట ఆడతావు. ఆట కోసం కొంటున్నానని నువ్వు అనుకుంటున్నావు. గంటల లెక్క చూస్తే పని కోసం కొంటున్నావు. ఈ తేడా మనసులో పెట్టుకుని మిగతాది చదువు.

మామూలు ఎల్‌సీడీ తెర ఎలా పనిచేస్తుందో నీకు చిన్నప్పుడు చెప్పాను. వెనక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, ముందున్న తలుపు రెక్కలు తెరుచుకుంటూ మూసుకుంటూ బొమ్మ చూపిస్తాయి. ఎంత గట్టిగా మూసినా సందుల్లోంచి కాస్త వెలుగు కారుతుంది కాబట్టి దాని నలుపు నిజానికి బూడిద రంగు. ఓఎల్‌ఈడీ అలా కాదు. కార్తీక పౌర్ణమికి గుమ్మం ముందు వరుసగా దీపాలు పెడతాం చూడు, అలాంటిది. ప్రతి చుక్కా తన వెలుగు తానే ఇస్తుంది. నలుపు కావాలంటే ఆ దీపం ఆరిపోతుంది, అంతే. దానికి మించిన నలుపు లేదు.

అందమూ అక్కడే ఉంది, చిక్కూ అక్కడే ఉంది. ఏ దీపం ఎక్కువసేపు వెలిగితే దాని నూనె ముందు తరుగుతుంది. నీ కోడ్ రాసే కిటికీ అంచు, కింద టాస్క్‌బార్, పక్కన ఫైళ్ళ జాబితా రోజుకు తొమ్మిది గంటలు ఒకే చోట వెలుగుతుంటే, అక్కడి చుక్కలు పక్కవాటికంటే ముందు ముసలివవుతాయి. వెలుగు పుట్టించే పదార్థాల్లో నీలం రంగుది మరీ అల్పాయుష్షు. కొన్నాళ్ళకు ఆ కిటికీ మూసేసినా దాని నీడ తెర మీద మిగిలిపోతుంది. దాన్నే బర్న్‌ఇన్ అంటారు. మా దుకాణంలో మచ్చ అనేవాళ్ళం. నాకు తెర అనగానే రెండే భయాలు, మచ్చ, పిడుగు. రెండింటి గురించీ రాస్తాను, విసుక్కోకుండా చదువు.

అంతకంటే ముందు అక్షరాల సంగతి. విజయవాడలో నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు ఇప్పుడు కంప్యూటర్ల దుకాణం నడుపుతున్నాడు. శుక్రవారం పొద్దున్నే బయలుదేరి అక్కడికి వెళ్ళాను, నీకోసమే. జేబులో వాచీలు బాగుచేసేవాళ్ళు కంటికి బిగించుకునే అద్దం పెట్టుకున్నాను. పాత అలవాటు. వాడు ముందు మామూలు ఎల్‌సీడీ చూపించాడు. అద్దంలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం కడ్డీలు నిలువుగా, క్రమశిక్షణతో పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. వెనకటి సోనీ వాళ్ళ ట్రినిట్రాన్ పిక్చర్ ట్యూబులోనూ నిలువు చారలే, నా కళ్ళు వాటికి అలవాటు పడినవి. తర్వాత శామ్‌సంగ్ వాళ్ళు చేసే ఓఎల్‌ఈడీ రకం, క్యూడీ-ఓఎల్‌ఈడీ ప్యానెల్ చూశాను. అక్కడ చుక్కలు ముగ్గురు పిల్లలు పొయ్యి చుట్టూ కూర్చున్నట్టు ముక్కోణంలో ఉన్నాయి. పైన ఆకుపచ్చ, కింద ఎరుపూ నీలమూ. ఎల్‌జీ వాళ్ళ ఎక్కువ తెరల్లో మూడు కాదు, నాలుగు ఉంటాయి. నాలుగోది తెల్లది.

ఇందులో నీకు ఏం పని అంటావా? కంప్యూటర్ అక్షరాల అంచులను నునుపు చేసేటప్పుడు, చుక్కలు నిలువు కడ్డీల్లా ఉన్నాయనుకుని లెక్క వేస్తుంది. ఇక్కడ అలా లేవు. దాంతో అక్షరం అంచున సన్నగా రంగు కనిపిస్తుంది. నేను ఆ కుర్రాడి చేత తెలుగు పేజీ ఒకటి తెరిపించాను. 27 అంగుళాల తెర, 2560 బై 1440 చుక్కలు. తలకట్టుల పైనా కిందా సన్నని ఆకుపచ్చ ఛాయ, గులాబీ ఛాయ. 'క్ష్మి' అన్న చోట వత్తులు ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టున్నాయి. ఇంగ్లీషు అక్షరాల్లో ఇంత తెలియలేదు. మన అక్షరాలకు తలకట్టులూ గుడులూ వత్తులూ అన్నీ చిన్నవి, మెలికలు ఎక్కువ. నువ్వు మీ ఆఫీసు కోడే రాస్తావు, నిజమే. అయినా రోజుకు తొమ్మిది గంటలు చూసే అంచులు అవి.

దీనికి మందు చుక్కలు దగ్గరపడటమే. ఆ తెరలో అంగుళానికి సుమారు 109 చుక్కలు. అదే 27 అంగుళాల్లో 4కే తెర, అంటే 3840 బై 2160 చుక్కలది, అయితే 160 దాటుతాయి. పక్కనే అలాంటిదీ ఉంది. అదే పేజీ దాని మీద తెరిపించాను. రంగు అంచు కోసం అద్దం పెట్టి వెతకాల్సి వచ్చింది. 32 అంగుళాల 4కే మధ్యస్థం, అంగుళానికి సుమారు 140. నీ బల్ల వెడల్పు నాకు తెలుసు, దాని మీద 32 పెడితే నువ్వు సినిమా హాలు మొదటి వరుసలో కూర్చున్నట్టు మెడ తిప్పాలి. కాబట్టి నా మాట 27 అంగుళాల 4కే. ధర ఎక్కువ. మీ అమ్మ చెప్పిన ఎనభై వేలు దాటినా దాటవచ్చు. తక్కువ ధరలో 1440ది తీసుకుని ఏడాది పాటు కళ్ళు నులుముకోవడం కంటే, రెండు నెలలు ఆగి ఇది కొనడం మేలు. ఆట ఒక్కటే అయితే 1440 చాలని నేనే చెప్పేవాణ్ణి.

కొనేముందు దుకాణంలో నీ కోడ్ ఫైలు తెరిచి చూడు, వాళ్ళు వేసే జలపాతాల వీడియో చూడకు.

ఆట గురించి నాకు తెలిసింది తక్కువే. కిందటి దసరాకు నువ్వు నేర్పిన కారు ఆటలో నేను మూడుసార్లు ఒకే చెట్టును గుద్దాను. అయితే కదలిక గురించి ఒక మాట చెప్పగలను. పాత పిక్చర్ ట్యూబులో బొమ్మ మెరిసి మాయమయ్యేది, అందుకే బంతి పరుగెత్తితే తోక కనిపించేది కాదు. ఎల్‌సీడీలు వచ్చాక ప్రతి బంతికీ తోక మొలిచింది. ఓఎల్‌ఈడీలో చుక్క రంగు మార్చుకోవడానికి పట్టే సమయం లెక్కలోకే రాదు, 0.03 మిల్లీసెకన్లని పెట్టె మీద రాస్తారు. కానీ ఒక బొమ్మ, తర్వాతి బొమ్మ వచ్చేదాకా అక్కడే నిలబడి ఉంటుంది. ఎంతసేపు నిలబడితే అంత తోక. 60 హెర్ట్జ్, అంటే సెకనుకు 60 బొమ్మలు, అయితే దాదాపు 17 మిల్లీసెకన్లు, 240 అయితే నాలుగు. ఆ అంకె పెద్దది కావాలని నువ్వు అడగడంలో తప్పులేదు. నీ గ్రాఫిక్స్ కార్డు 4కేలో అన్ని బొమ్మలు గీయగలదా అన్నదే ప్రశ్న, దానికి జవాబు నీకే తెలియాలి. గీయలేకపోతే, వేగం పడుతూ లేస్తూ ఉన్నప్పుడు చీకటి దృశ్యాల్లో తెర కొద్దిగా వణుకుతుంది. అది తెర చెడిపోవడం కాదు, కంగారుపడకు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో పాత హెచ్‌డీఎంఐ 2.0 పోర్టు ఉంటే 4కే బొమ్మ 60 హెర్ట్జ్ దగ్గరే ఆగుతుంది. పనికి అది చాలు.

పెట్టె మీద 1000 నిట్స్ అని పెద్ద అక్షరాలతో రాస్తారు. నిట్ అంటే వెలుగు కొలత. అది చీకట్లో అగ్గిపుల్ల గీసినంత చిన్న మెరుపుకు. తెర నిండా తెల్లటి పేజీ తెరిస్తే చాలా మోడళ్ళలో 250 దగ్గర ఉంటుంది. ఇక్కడే నీ గది గుర్తొచ్చింది. నీ బల్ల పడమటి కిటికీకి ఎదురుగా ఉంది. సాయంత్రం నాలుగింటికి ఎండ నేరుగా తెర మీద పడుతుంది. క్యూడీ-ఓఎల్‌ఈడీలో, పరావర్తనాన్ని అణిచే పోలరైజర్ పొర ఉండదు. గదిలో వెలుగు ఎక్కువైతే ఆ అందమైన నలుపు కాస్తా ఊదా కలిసిన బూడిద రంగుకు తిరుగుతుంది. పైగా వేడి ఆ చుక్కలకు మంచిది కాదు. కాబట్టి బల్ల జరుపు. లేదా కిటికీకి మందపాటి కర్టెన్ కట్టు. కర్టెన్ కడ్డీ నేను బిగించిందే, ఎంత బరువైనా మోస్తుంది.

ఇప్పుడు మచ్చ సంగతి. ఇది రాయాలా వద్దా అని నిన్నంతా ఆలోచించాను.

2009 దసరాకు నేను చిట్టీ పాడి ఆ డబ్బంతా పెట్టి 42 అంగుళాల ప్లాస్మా టీవీ కొన్నాను. అప్పట్లో అందరూ ఎల్‌సీడీ కొంటున్నారు. నేను మెకానిక్‌ను కదా, నలుపు ఎందులో బాగుంటుందో నాకు తెలుసు కదా! ప్లాస్మాలోనూ ప్రతి చుక్కా తన వెలుగు తానే ఇచ్చేది, ఇప్పటి ఓఎల్‌ఈడీలాగే. మచ్చ పడే గుణమూ అలాగే. ఆ సంగతి నాకు ఊళ్ళో అందరికంటే బాగా తెలుసు. కొత్త ప్లాస్మాలో ఫాస్ఫర్, అంటే వెలుగిచ్చే పూత, మొదటి వంద గంటలు పసిబిడ్డలాంటిది, అప్పుడు వెలుగు తగ్గించి పెట్టాలి, బొమ్మ మారుతూ ఉండాలి అని ఖాతాదారులకు నేనే పాఠం చెప్పేవాణ్ణి.

మరి మా ఇంట్లో ఏం చేశాను? దుకాణాల్లో గిరాకీ కోసం పెట్టే డైనమిక్ మోడ్‌లో, వెలుగు మొత్తం పైకి పెట్టి వదిలేశాను. వీధిలోంచి వెళ్ళేవాళ్ళకు కూడా మా టీవీ కనిపించాలి. పండక్కి చుట్టాలు వస్తే "అబ్బ, ఏమి వెలుగు!" అనాలి. అన్నారు కూడా. మీ నాన్న రెండుసార్లు అన్నాడు.

మీ అమ్మమ్మ తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి స్నానం చేసి, ఒక భక్తి ఛానెల్ పెట్టుకుని కూర్చునేది. సుప్రభాతం, తర్వాత అర్చన, తర్వాత ప్రవచనం. మధ్యాహ్నం భోజనం దాకా అదే. ఆ ఛానెల్‌కు పై మూలన గుండ్రటి గుర్తు, కింద పంచాంగం పరుగెత్తే పసుపు పట్టీ. ఆవిడ చూపు అప్పటికే మందగించింది. అంత పెద్ద తెర వచ్చాక స్వామి ముఖం స్పష్టంగా కనిపిస్తోందని మురిసిపోయేది. కుర్చీ ముందుకు జరుపుకుని, చేతులు జోడించి చూసేది. నిజంగా గుళ్ళో నిలబడినట్టే.

2010 ఫిబ్రవరి 24. గ్వాలియర్‌లో సచిన్ దక్షిణాఫ్రికా మీద రెండు వందలు కొట్టిన రోజు. వీధిలో సగం మంది మా ఇంట్లోనే ఉన్నారు. సచిన్ నూటయాభై దాటాక పక్కింటి కుర్రాడు లేచి తెర దగ్గరికి వెళ్ళి, "అంకుల్, గ్రౌండులో ఆ గుండ్రటిది ఏమిటి?" అన్నాడు. పచ్చటి మైదానం మీద, పై మూలన, గుండ్రంగా ఒక నీడ. కింద పట్టీ ఉన్న చోట చెయ్యి వెడల్పున ఇంకో నీడ. ఎవరో నవ్వారు. "మెకానిక్ గారి టీవీకే రోగం వచ్చిందే" అన్నారు.

నేను లోపలికి వెళ్ళి, అందరూ వినేట్టు మీ అమ్మమ్మ మీద అరిచాను. "పొద్దస్తమానం అదే ఛానెలా? తెర తగలేశావు. డెబ్భై ఏళ్ళొచ్చాయి, ఇంకో ఛానెల్ లేదా లోకంలో?" అని. ఆవిడ వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి, కళ్ళు చికిలించి తెర వంక చూసింది. "ఉంటే ఏమైందిరా, స్వామి గుర్తే కదా" అంది. నిజంగానే అంది, ఎత్తిపొడుపుగా కాదు. దానికి నేను ఏమన్నానో రాయను.

మర్నాటి నుంచి ఆవిడ టీవీ పెట్టలేదు. బీరువా మీది పాత రేడియో దింపమంది. విజయవాడ కేంద్రం భక్తిరంజని పెట్టుకుంది. "నాకు ఇదే బాగుందిరా, కళ్ళు నొప్పి పుట్టవు" అంది. 2012లో పోయేదాకా ఆ రేడియోనే. అమ్మమ్మకు టీవీ కంటే రేడియో అంటేనే ఇష్టమని మీ అమ్మ ఇప్పటికీ అందరికీ చెబుతుంది. సంవత్సరీకాలప్పుడు కూడా ఆ మాటే చెప్పింది. నేను తలూపాను.

ఆ మచ్చ ఆవిడ వేసింది కాదు బుజ్జమ్మా. ఛానెల్ ఒకటే అయినా, వెలుగు సగానికి దించి ఉంటే అంత త్వరగా పడేది కాదు. ఐదు నెలల్లో తెరను కాల్చింది నా డైనమిక్ మోడ్. ఆ రాత్రే మెనూ తెరిచి చూసి అర్థం చేసుకున్నాను. వెలుగు దించి, మెనూ మూసి పడుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. పొద్దున ఆవిడకూ చెప్పలేదు. ఆ టీవీ ఇంకో ఆరేళ్ళు నడిచింది. పెళ్ళి వీడియోలు వేస్తే తెల్లచీరల మీద, మబ్బుల మీద ఆ గుండ్రటి నీడ తేలేది. మీ అత్తయ్య దానికి అలవాటు పడింది. నేను పడలేదు.

కాబట్టి నీ తెర ఇంటికి రాగానే చేయాల్సిన మొదటి పని వెలుగు దించడం. దుకాణం నుంచి ఏ మోడ్‌లో వచ్చిందో అందులో ఒక్కరోజు కూడా ఉంచకు. రాత్రి గదిలో కంటికి హాయిగా ఎంత ఉంటే అంత, పగలు దానికి కాస్త పైన. హెచ్‌డీఆర్ అనేది, అంటే మెరుపులను బాగా వెలిగించి చూపే పద్ధతి, ఆట ఆడేటప్పుడు పెట్టుకో, కోడ్ రాసేటప్పుడు తీసేయ్. టాస్క్‌బార్ దానంతట అది దాక్కునేట్టు పెట్టు. కోడ్‌కు నల్ల నేపథ్యం వాడతావని తెలుసు, మంచిదే. వాల్‌పేపర్ కూడా నల్లగానే ఉండనీ. ఐదు నిమిషాలు కదలకపోతే తెర ఆరిపోవాలి. టీకి లేస్తే ఆరిపోవాలి. అమ్మతో ఫోనులో మాట్లాడేటప్పుడు అయితే చెప్పనక్కర్లేదు, గంట పడుతుంది.

నీ పాత 24 అంగుళాల ఎల్‌సీడీని అమ్మేయకు. దాన్ని పక్కన నిలువుగా పెట్టుకుని, ఆఫీసు మెయిలు, మాటలాడుకునే కిటికీ, రోజంతా కదలకుండా ఉండేవన్నీ దాని మీద పడేయ్. దానికి మచ్చ భయం లేదు, గాడిదలా మోస్తుంది.

ఇక పిడుగు. నలభై ఏళ్ళు నేను ప్రతి ఇంటికీ చెప్పిన మాట ఒకటే: రాత్రి పడుకునేముందు గోడ స్విచ్చు ఆపండి, ఉరుము వినిపిస్తే ప్లగ్గు పీకండి. వేసవి గాలివానల్లో కేబుల్ తీగ వెంట పిడుగు వచ్చి మాడిపోయిన బోర్డులు ఎన్ని చూశానో లెక్కలేదు. ఓ ఏడాది మే నెలలో ఒకే వీధి నుంచి ఒకే రోజు పదకొండు సెట్లు వచ్చాయి. బోర్డు వాసనను బట్టే ఏం కాలిందో చెప్పేవాణ్ణి. నీకూ ఆ స్విచ్చు అలవాటు నేనే చేశాను, గది వదిలేటప్పుడు బోర్డు మొత్తం టకటకా ఆపేస్తావు.

ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను. ఓఎల్‌ఈడీ తెర నువ్వు ఆపాక తన పని తాను చేసుకుంటుంది. ఏ దీపంలో నూనె ఎంత తరిగిందో కొలిచి, దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. చాలా మోడళ్ళలో నాలుగు గంటలు వాడాక ఒకసారి, స్టాండ్‌బైలో ఉండగా, కొన్ని నిమిషాలు ఈ పని జరుగుతుంది. గోడ దగ్గర స్విచ్చు ఆపేస్తే అది జరగదు. రోజూ అలా ఆపేస్తే తెర తనను తాను చూసుకునే అవకాశమే ఉండదు. కాబట్టి తెర బొత్తాంతో ఆపు, గోడ జోలికి వెళ్ళకు. ఉరుములు వినిపిస్తే మాత్రం బొత్తాం ఆపి, ఓ పది నిమిషాలు ఆగి ప్లగ్గు పీకేయ్. పిడుగు దగ్గరపడితే ఆ పది నిమిషాలు కూడా ఆగకు. మంచి యూపీఎస్ ఒకటి కొను. తెరకు ఎనభై వేలు పెట్టి యూపీఎస్ దగ్గర బేరమాడావని తెలిస్తే ఊరుకోను.

బిల్లు సంగతి. వారంటీలో బర్న్‌ఇన్ వర్తిస్తుందని రాతలో ఉండాలి. మూడేళ్ళు ఇచ్చే కంపెనీలు ఉన్నాయి. 2022లో వచ్చిన మొదటి క్యూడీ-ఓఎల్‌ఈడీ ఆట మానిటర్, ఏలియన్‌వేర్ వాళ్ళ 34 అంగుళాలది, బర్న్‌ఇన్‌కు మూడేళ్ళ వారంటీతోనే వచ్చింది. నువ్వు చూసిన మోడల్‌కు ఆ మాట మన దేశంలో కూడా వర్తిస్తుందా అని అడుగు. "ఉంటుందండీ మేడమ్" అనే నోటి మాట వద్దు. విదేశం నుంచి స్నేహితులు తెస్తే పదివేలు తగ్గుతుందని ఆశపడకు, ఆ వారంటీ విమానం దిగదు.

పెట్టె విప్పేటప్పుడు మొదటి నుంచి చివరిదాకా వీడియో తీయి. తెర ఉపరితలం మీద వేలు పెట్టకు, దుమ్ము పడితే కళ్ళద్దాలు తుడిచే మెత్తటి గుడ్డ, అంతే. దాని పూత మీద సులువుగా గీతలు పడతాయి. మొదటిరోజే తెర నిండా ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు, నలుపు ఒక్కొక్కటీ వేసి చచ్చిన చుక్కలున్నాయేమో చూడు. తర్వాత లైటు తీసేసి ముదురు బూడిద రంగు వేయి. నిలువు చారలు ఏవైనా ఉంటే అందులోనే బయటపడతాయి. వాపసు ఇచ్చే గడువు దాటకముందే చూడు, నీకు వాయిదాలు వేసే అలవాటుంది.

ఇంకొకటి. సంక్రాంతికి మీ నాన్న నీ దగ్గరికి వస్తాడు. వచ్చి, ఆ పెద్ద తెర మీద వార్తలు పెట్టమంటాడు. మన వార్తా ఛానెళ్ళలో పైన ఎర్ర పట్టీ, కింద రెండు పట్టీలు, పక్కన ఇంకో గుర్తు, బొమ్మకు మిగిలేది అరచేయంత. ఆయన అది పెట్టుకుని కుర్చీలోనే నిద్రపోతాడు. పోనివ్వు. వెలుగు ముందే దించి ఉంచావు కదా, నాలుగు రోజులకు ఏమీ కాదు. అయినా అప్పటికి నీకు వారంటీ ఉంటుంది.

నేను వచ్చే ఆదివారం కృష్ణా ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్నాను. మీ అత్తయ్య మాగాయ, సున్నుండలు కడుతోంది. కర్టెన్ గుడ్డ కొలత రాసి పెట్టు. అద్దం నేను తెస్తాను. పెట్టె నేను వచ్చేదాకా విప్పకు. ఆగలేక విప్పేస్తే, మళ్ళీ మూసి అట్టపెట్టె మీద టేపు వేసి ఉంచు, నాకు తెలియనట్టే ఉంటాను.

ఆశీస్సులతో,
మామయ్య

తా.క.: ఈ ఉత్తరంలో అమ్మమ్మ గురించిన కాగితం వేరుగా పెట్టు. మీ అమ్మకు అది చూపించకు. హైదరాబాదు వచ్చినప్పుడు నేనే చెబుతాను.